ఎక్స్‌పీ కాపురం

నా లాప్‌టాప్‌లో ఒక మూల విండోస్ ఎక్స్‌పీ కాపురం ఉంటోంది. ఇల్లంతా ఉబుంటుది. ఎక్స్‌పీ వాటా 800 చుక్కల వెడల్పు, 600 చుక్కల ఎత్తు ఉన్న ఒక చట్రం. ఆ చట్రంలో అదే పచ్చటి గుట్ట, అదే నీలాకాశం. కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫరు 1996లో తీసిన ఆ బొమ్మను చూస్తూ ఒక తరం తెలుగువాళ్లు ఇంటర్నెట్ సెంటర్లలో పరీక్షా ఫలితాలు వెతుక్కున్నారు, రైలు టిక్కెట్లు తీసుకున్నారు, డీటీపీ షాపుల్లో బల్లమీద మోచెయ్యి ఆనించి శుభలేఖల ప్రూఫులు దిద్దుకున్నారు. మైక్రోసాఫ్టు 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీ బాధ్యత వదులుకుంది. "ఇంకా ఎందుకు నాన్నా దాన్ని మేపడం?" అంటాడు మా అబ్బాయి. ఒక పుస్తకం కోసం అంటే, పుస్తకం చదవడానికి కంప్యూటర్లో ఇంకో కంప్యూటరా అని నవ్వుతాడు. నవ్వొచ్చే విషయమే, కాదనను.

ఆ పుస్తకం ఒక మాస్టారి కథల సంపుటి. 2003లో విజయవాడలో వేశాం. డెమీ సైజు, పన్నెండు ఫారాలు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో నెమ్మదిగా అమ్ముడై, నెమ్మదిగానే అయిపోయింది. అచ్చయ్యాక మాస్టారికి కంటబడ్డ తప్పులు, మార్చుకోవాలనిపించిన వాక్యాలు, కొత్తగా చేర్చిన పేరాలు అన్నీ రెండో ముద్రణ కోసమని అదే ఫైల్లో దిద్దించి పెట్టారు. ఆ రెండో ముద్రణ రాలేదు. ఇప్పుడు వేద్దామని వెళ్తే ఒక్కటే షరతు పెట్టారు. "కొత్తగా కంపోజు చేయించొద్దయ్యా. మళ్లీ మొదటినుంచీ ప్రూఫులు చూసే ఓపిక నా కళ్లకి లేదు. ఆ దిద్దిన ఫైలే తీయి."

న్యాయమైన షరతే. రచయిత స్వయంగా ప్రూఫులు చూసి దిద్దిన ఫైలు కన్నా ప్రచురణకర్తకి విలువైన ఆస్తి ఇంకొకటి లేదు. ఫైలు దొరికింది కూడా. అప్పట్లో కంపోజు చేసినావిడ డీటీపీ ఎప్పుడో మానేసింది. అదే షాపులో ఇప్పుడు జెరాక్సు మిషను, ఆన్‌లైన్ దరఖాస్తులు. అయినా పాత పనుల సీడీలన్నీ పౌచుల్లో పెట్టి, ఒక్కో దాని మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి అట్టపెట్టెలో దాచింది. "ఎవరో ఒకరు ఎప్పటికైనా అడుగుతారని తెలుసు అన్నయ్యగారూ" అంటూ తీసి చేతిలో పెట్టింది. సీడీ మీద గీత లేదు. ఫైళ్లు మారు మాట్లాడకుండా కాపీ అయ్యాయి.

ఫైలు చేతికొచ్చింది. చదవగల వాడే కరువయ్యాడు.

అది పేజ్‌మేకర్ ఫైలు. ఆల్డస్ అనే సంస్థ 1985లో తెచ్చిన ఈ ప్రోగ్రామును 1994లో అడోబీ కొనుక్కుంది. 2001లో వచ్చిన ఏడో కూర్పుతో దాని కథ ముగిసింది. కానీ తెలుగు అచ్చు రంగంలో అది ముగిసిన తరవాత కూడా చాలా ఏళ్లు బతికింది. కారణం ఫాంట్లు. అను, శ్రీలిపి లాంటి సాఫ్ట్‌వేర్లతో వచ్చిన ఆనాటి ఫాంట్లలో చేసిన పని చిత్రమైనది. కంప్యూటరు ఒక ఫాంటుకి ఇచ్చేది 256 గడులు. వాటిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఐరోపా భాషల చుక్కలూ తోకలూ ఉండాల్సిన చోట్ల తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, ఇంకోదాంట్లో కొమ్ము, మరికొన్నింట్లో వత్తులు. కంపోజిటరు వేళ్లు ఆ ముక్కల్ని వరసగా పేర్చుకుంటూ పోతే కంటికి తెలుగు కనబడేది. కంప్యూటరు దృష్టిలో మాత్రం మాస్టారి పుస్తకంలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే డాలరు గుర్తులూ, కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలూ, బ్రాకెట్లూ కలగాపులగంగా కనబడతాయి.

ప్రతి లిపికీ సొంత గడులిచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకి 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే చోటు దొరికింది. 2001లో ఎక్స్‌పీ వస్తూ వస్తూ గౌతమి ఫాంటును వెంటబెట్టుకొచ్చింది. కాబట్టి మాస్టారి పుస్తకం వేసేనాటికి ఆ యంత్రంలోనే అసలైన తెలుగు ఉంది. కానీ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు, అచ్చు పని జరగాల్సింది పేజ్‌మేకర్‌లో. పొట్టకూటి పని ప్రమాణాల కోసం ఆగదు. అలా ఒక ఇరవై ఏళ్ల తెలుగు సాహిత్యం, పత్రికలు, పాఠ్యపుస్తకాలు, గెయిడ్లు, కరపత్రాలు ఇంగ్లీషు గడుల్లో తలదాచుకున్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. కథ చదవాలంటే ఫాంటు కావాలి. ఫైలు తెరవాలంటే పేజ్‌మేకర్ కావాలి. పేజ్‌మేకర్ సవ్యంగా నడవాలంటే ఎక్స్‌పీ కావాలి. ఎక్స్‌పీ లేవాలంటే దానికి తెలిసిన తరహా మదర్‌బోర్డు, డిస్కు, మానిటరు కావాలి. అవన్నీ పాత ఇనుపసామాన్ల వాడి బండెక్కి చాలాకాలమైంది. ఇక మిగిలిన దారి ఒకటే. లేని యంత్రాన్ని ఉన్నట్టు చూపించాలి.

ఆ పని చేసే ప్రోగ్రాముల్లో వర్చువల్‌బాక్స్ ఒకటి. ఇన్నోటెక్ అనే జర్మనీ సంస్థ చేసింది, 2008లో సన్ అనే కంపెనీ చేతికి, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వెళ్లింది. తెరిచి 'న్యూ' నొక్కగానే ర్యామ్ ఎంత కావాలి, డిస్కు ఎంత కావాలి, ప్రాసెసర్లు ఎన్ని కావాలి అని అడుగుతుంది. కంప్యూటర్ షాపువాడి ప్రశ్నలే, బిల్లు మాత్రం ఉండదు. ర్యామ్ 512 మెగాబైట్లు ఇచ్చాను. ఈ రోజు ఫోనుకి కూడా చాలని ఆ కాస్త జాగా ఎక్స్‌పీకి రాజభోగం. 64 ఉంటే చాలు సర్దుకుంటుందని మైక్రోసాఫ్టు అట్టపెట్టె మీదే రాసేది. డిస్కు 10 గిగాబైట్లు అన్నాను. అది నిజం డిస్కు కాదు, నా డిస్కులో ఒక ఫైలు. రాసినకొద్దీ పెరుగుతుంది.

'స్టార్ట్' నొక్కితే కదల్లేదు. ప్రాసెసర్లో వర్చువలైజేషన్ సౌకర్యం బయోస్‌లో ఆపేసి ఉందని ఒక సందేశం. చాలా లాప్‌టాపులు దాన్ని ఆపేసే అమ్ముతారు. మళ్లీ స్టార్ట్ చేసి, బయోస్ పేజీల్లో వెతికి, ఆ స్విచ్చి వేసి వచ్చాను. ఈ స్విచ్చి సంగతి గుర్తుపెట్టుకోండి, దానికో పెద్ద చరిత్ర ఉంది.

రెండో మెలిక డిస్కు దగ్గర. ఈనాటి డిస్కులు మాట్లాడే సాటా పద్ధతి ఎక్స్‌పీ సీడీకి తెలియదు. సాటా డిస్కు తగిలిస్తే, హార్డ్ డిస్కే కనబడలేదని చెప్పి సెటప్ ఆగిపోతుంది. అందుకని వర్చువల్‌బాక్స్‌లో వెనక్కి వెళ్లి పాత ఐడీఈ పద్ధతి ఎంచుకోవాలి. అప్పుడు 1990ల నాటి ఇంటెల్ చిప్‌సెట్ వేషం వేసుకుని, దాని కింద ఐడీఈ డిస్కు, ఐడీఈ సీడీ డ్రైవు తగిలించుకుని వర్చువల్‌బాక్స్ నిలబడుతుంది. నెట్‌వర్కు కార్డు మాత్రం తీసేశాను. ఇన్నేళ్లుగా మరమ్మతుల్లేని ఎక్స్‌పీని ఇంటర్నెట్ వీధిలోకి పంపితే క్షేమంగా తిరిగిరాదు.

ఇక సీడీ కదిలింది. నీలం తెర, తెల్ల అక్షరాలు. ఒప్పందానికి ఎఫ్8, డిస్కు విభజనకి ఎంటరు, ఫార్మాట్ శాతం అంకెలు. తరవాత బొమ్మల తెరలోకి మారి ఎడమవైపు ఆ ప్రసిద్ధ వాక్యం: ఇంకా దాదాపు 39 నిమిషాలు. ఆ రోజుల్లో కంప్యూటర్లు అమర్చిన ప్రతివాడికీ ఈ 39 కంఠతా వచ్చు. టీ తాగి వచ్చినా తరగని 39 అది. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ మీద నిమిషాలు గుప్పెళ్లకొద్దీ రాలిపోయాయి. ఆనాటి డిస్కుల వేగాన్ని బట్టి వేసుకున్న అంచనా పాపం, తన కింద ఉన్నది ఏ కాలపు డిస్కో దానికి తెలియదు. మౌస్ ఆ చట్రంలోకి దిగితే అక్కడే చిక్కుకుపోతుంది, కుడివైపు కంట్రోల్ మీట నొక్కితే మన లోకంలోకి వస్తుంది. కాసేపటికి ఆ స్వాగతగీతం మోగింది. పేజ్‌మేకర్ పెట్టి, ఆవిడ ఇచ్చిన ఫాంట్లు ఎక్కించి, ఫైలు తెరిచాను. శీర్షిక, దాని కింద సన్నగీత, మొదటి అక్షరం రెండు వరసల ఎత్తున. ఒక్క వత్తు చెదరలేదు.

ఇలాంటి చోట మనవాళ్లకి వెంటనే మాయావాదం గుర్తొస్తుంది. లోపలిదానికి తాను లోపల ఉన్నానని తెలియదు, మనం మాత్రం ఎక్కడున్నామో ఎవరు చూశారు, అంటూ ఒక వ్యాసం ఎవరైనా రాసేయొచ్చు. నాకు ఆ మాయ కన్నా దాన్ని నడిపించేవాడి క్రమశిక్షణ మీద ఎక్కువ ఆసక్తి. ఎందుకంటే ఇక్కడ అబద్ధం ఆడటానికి కచ్చితమైన నియమాలున్నాయి. ఆ నియమాలు మీరితే అబద్ధం కూడా పని చేయదు.

కొత్త యంత్రం కడుపులో పాత యంత్రాన్ని మొయ్యడం ఈనాటి సంగతి కాదు. ఐబీఎం 1964 ఏప్రిల్‌లో సిస్టమ్/360 ప్రకటించినప్పుడు కొనేవాళ్ల మొదటి ప్రశ్న, మా పాత ప్రోగ్రాములు ఏం కావాలి అని. అప్పటికి చాలా కంపెనీల జీతాల లెక్కలు, సరుకు లెక్కలు 1401 అనే యంత్రం మీద నడుస్తున్నాయి. వాటిని మళ్లీ రాయించే ఓపిక ఎవరికీ లేదు. అందుకే 360లో కొన్ని నమూనాలు 1401లా నటించగలిగేలా తయారుచేశారు. అదే కంపెనీకి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒక చిన్న పరిశోధనా కేంద్రం ఉండేది. అక్కడ రాబర్ట్ క్రీసీ బృందం ఇంకో అడుగు వేసింది. ఒకే యంత్రాన్ని పదిమందికి పంచడానికి చిక్కుముడి లాంటి వ్యవస్థ రాయడం ఎందుకు, ఒక్కొక్కరికీ ఒక్కో పూర్తి యంత్రం ఉన్నట్టు చూపిస్తే పోలేదా అనుకున్నారు. సీపీ-40 అనే ఆ వ్యవస్థ 1967 నాటికి పనిలోకి దిగింది. ఒక్క యంత్రం 14 యంత్రాల వేషం కట్టేది. 1972లో ఆ ఆలోచన వీఎం/370 పేరుతో అంగట్లోకొచ్చింది.

రెండేళ్ల తరవాత, 1974లో, జెరల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు ఈ నటనకి వ్యాకరణం రాశారు. లోపల నడిచే ప్రోగ్రాము అసలు యంత్రం మీద ఎలా నడుస్తుందో ఇక్కడా అలాగే నడవాలి. ఎక్కువ భాగం పని అసలు ప్రాసెసరే నేరుగా చేయాలి. పెత్తనం మాత్రం నడిపించేవాడి చేతిలోంచి జారకూడదు. మూడూ ఒకేసారి ఎలా కుదురుతాయి? దానికి వాళ్లు చెప్పిన కీలకం చిన్నది. యజమాని మాత్రమే ఇవ్వదగ్గ ఆదేశాలు కొన్ని ఉంటాయి. అంతరాయాలు ఆపమనడం, మెమరీ పటాలు మార్చమనడం లాంటివి. లోపలివాడు అలాంటి ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ ప్రాసెసరు ఆగి, కేక వేయాలి. అప్పుడు పైవాడు వచ్చి, ఆ పని తన పద్ధతిలో చేసిపెట్టి, లోపలివాణ్ని మళ్లీ పరిగెత్తనిస్తాడు. లోపలివాడికి ఇదేమీ తెలియదు. తెలియకపోయినా ఇబ్బంది లేదు. కేక వేయడం ముఖ్యం.

మన ఇళ్లలోకొచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లు సరిగ్గా ఇక్కడే తప్పాయి. వాటి ఆదేశాల్లో కొన్ని, అధికారం లేనివాడు ఇస్తే పని చేయవు, ఆగవు, కేకా వేయవు. అంతరాయాలు ఆపమని లోపలి విండోస్ అడుగుతుంది. ప్రాసెసరు విననట్టు ముందుకు పోతుంది. ఆగాయనుకుని విండోస్ తన పని తను చేసుకుంటుంది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరికీ అర్థంకాని చోట అంతా కూలుతుంది. ఇలాంటి దొంగమౌనం పాటించే ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధనలో లెక్కతేలింది. డయాన్ గ్రీన్, మెండెల్ రోజెన్‌బ్లమ్, వాళ్ల మిత్రులు 1998లో వీఎంవేర్ పెట్టి, మరుసటి ఏడాదే సరుకు బజారుకి తెచ్చింది ఈ మౌనాన్ని గెలిచే. లోపలి వ్యవస్థ ఆదేశాల్ని ముందే చదివి, ఆ రకంవి కనబడితే అక్కడికక్కడే మార్చి రాసి, అప్పుడు నడిపించేవాళ్లు. 2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసర్లకే ఆ కేక వేయడం నేర్పించాయి. నేను బయోస్‌లో వెతికి వేసిన స్విచ్చి అదే.

ఈ చరిత్రలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఏళ్ల తరబడి మహామహులు తలపట్టుకున్నది యంత్రం పని చేయలేకపోయినందుకు కాదు, చేయలేనని చెప్పనందుకు. చేయలేనని చెప్తే పైనున్నవాడు ఏదో ఒక ఉపాయం చూస్తాడు. చెప్పకపోతే చూడవలసిన చోటే తెలియదు.

పాతవాటిని కాపాడే పనిలో కూడా ఇదే సూత్రం అని నాకు తరవాత తెలిసొచ్చింది.

కాపాడటానికి రెండు దారులు. ఒకటి, కాలానికి తగ్గ ప్రతి రాసుకుంటూ పోవడం. మన తాళపత్రాలు అలాగే బతికాయి. ఆకు శిథిలమయ్యేలోపు ఇంకో ఆకు మీదికి. పందొమ్మిదో శతాబ్దంలో సీ.పీ. బ్రౌను కడపలో పండితులకి జీతాలిచ్చి కూర్చోబెట్టి, దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు రాయించింది ఈ పద్ధతిలోనే. రెండోది, ఆ వస్తువు బతికిన లోకాన్నే నిలబెట్టడం. ఆకుకి ఈ అవసరం లేదు. లిపి తెలిసిన కళ్లు, పగటి వెలుతురు ఉంటే చాలు. ఫైలుకి లోకం కావాలి. ఈ తేడా ఇంగ్లండు వాళ్లకి ఖరీదైన పద్ధతిలో తెలిసింది. 1086లో రాసిన డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ, వేల బడుల పిల్లలతో దేశమంతా వివరాలు రాయించి, లేజర్ డిస్కుల మీద కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకడమే కష్టమైంది. తొమ్మిది శతాబ్దాల తోలుకాగితం మాత్రం హాయిగా చదవొచ్చు. చివరికి లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఆ పాత యంత్రాన్ని కొత్త యంత్రంలో నటింపజేసి డిస్కుల్ని మాట్లాడించారు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం సల్మాన్ రష్దీ కాగితాలతో పాటు ఆయన వాడిన కంప్యూటర్లు కూడా తీసుకుంది. 2010 నుంచి పరిశోధకులు అక్కడ కూర్చుని ఆయన పాత మాకింటాష్ తెర ఎలా ఉండేదో అలాగే తెరిచి, ఆయన ఫైళ్లు ఆయన పెట్టుకున్న చోటే చూడగలిగారు.

ప్రతి రాసుకోవడమా, లోకాన్ని నిలబెట్టడమా అని ఈ రంగం వాళ్లు చాలాకాలం వాదించుకున్నారు. మాస్టారి పుస్తకంతో కూర్చున్నాక నాకు ఆ వాదనలో పస లేదనిపించింది. రెండూ కావాలి, మొదటిదాన్ని నమ్మడానికి రెండోది కావాలి.

ఎలాగో చెప్తాను. ఎక్స్‌పీలో ఫైలు తెరుచుకుంటే సరిపోదు. రెండో ముద్రణ యూనికోడ్‌లో రావాలి. రేపు ఈ-బుక్కుగా, వెతకడానికి వీలుగా, ఫోన్లో చదివేలా ఉండాలి. పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని బయటికి తీసి, ఉబుంటు వైపు ఒక మార్పిడి ప్రోగ్రాముకి ఇచ్చాను. అది చేసే పని పట్టిక చూసి మార్చడం. ఈ గడి గుర్తు వస్తే ఈ ముక్క, ఈ మూడు ముక్కలు కలిస్తే ఈ అక్షరం. అనుకున్నంత తేలిక కాదు. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనబడే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో ఉండాలి. క్రావడి దగ్గర ఎన్ని ప్రోగ్రాములు బోల్తా పడ్డాయో డీటీపీ వాళ్లనడిగితే చెప్తారు. అయినా ఫలితం చూడగానే ముచ్చటేసింది. పుటలకి పుటలు చక్కటి తెలుగు. ఎక్కడా అడ్డదిడ్డం గుర్తు లేదు.

అంత శుభ్రంగా ఉండటమే కాస్త అనుమానం పుట్టించింది. రెండు చట్రాలు పక్కపక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఎడమవైపు ఎక్స్‌పీలో మూలం, కుడివైపు కొత్త పాఠం. ఒక కథలో పాతకాలపు పంతులుగారు కొడుక్కి రాసిన ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం వరకే మాస్టారు పాత పద్ధతిలో రాశారు. అరసున్నలు, బండి ఱలు వాడారు. ఎడమవైపు 'వాఁడు వచ్చినాఁడు' అని ఉంది. కుడివైపు 'వాడు వచ్చినాడు'. ఉత్తరం మొత్తంలో ఒక్క అరసున్న మిగల్లేదు. పట్టిక రాసినవాళ్లకి ఆ గడితో పనిపడి ఉండదు. పట్టికలో లేని గుర్తు వస్తే ప్రోగ్రాము దాన్ని తీసి పారేసి, ఏమీ జరగనట్టు ముందుకు పోయింది. విననట్టు ముందుకు పోయే ప్రాసెసరు ఆదేశాలు గుర్తొచ్చాయి.

అరసున్న పోతే ఏమైంది, అర్థం మారలేదుగా అనొచ్చు. మాస్టారి కథలో అర్థం అందులోనే ఉంది. ఆ ఉత్తరం చదివిన కొడుకు పట్నంలో ఉద్యోగం చేసే కుర్రాడు. నాన్న అరసున్నలు చూసి అతను నవ్వుకోవడమే కథ. అరసున్నలు ఎగిరిపోయాక ఆ నవ్వుకి కారణం ఉండదు. పాఠకుడు రచయితకే తెలివిలేదనుకుంటాడు.

మార్పిడి ప్రోగ్రాములో ఒకే ఒక్క వరస మార్చాను. పట్టికలో లేని గుర్తు వస్తే వదిలెయ్యకు, అక్కడ నల్ల చదరం పెట్టు. మళ్లీ నడిపించాను. ముచ్చటగా ఉన్న పుస్తకం మశూచి పోసినట్టయింది. ప్రతి పుటలో నల్ల చదరాలు. ఉత్తరం నిండా అవే. విచారంగా ఉండాలి గానీ నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ప్రతి నష్టానికీ చిరునామా ఉంది. కంపోజు చేసినావిడని పిలిచాను. ఎక్స్‌పీ ముందు కూర్చుని, యాపిల్ అనే పాత తెలుగు కీబోర్డు అమరికలో రెండు మాటలు కొట్టి చూసి, "మర్చిపోయాననుకున్నా, వేళ్లే పోతున్నాయి చూడండి" అంది. చదరం చదరానికీ మూలంలో ఆ చోటు చూసి, ఇది అరసున్న, ఇది బండి ఱ, ఇది మాస్టారు అంకెల మధ్య పెట్టించిన ప్రత్యేక గుర్తు అని చెప్పుకుంటూ పోయింది. నేను పట్టికలో చేర్చుకుంటూ పోయాను.

పాతకాలపు మంచి పరిష్కర్తలు చేసింది ఇదే కదా. తాళపత్రంలో చెదలు తిన్నచోట, లేఖకుడు వదిలేసిన చోట, తోచిన మాట పూరించి నునుపు చేయకుండా చుక్కలు పెట్టి, ఇక్కడ గ్రంథపాతం అని రాసేవాళ్లు. ఛందస్సు తెలిసిన పండితుడికి ఆ ఖాళీలో ఒక మాట అల్లడం చిటికెలో పని. అల్లకపోవడంలో ఉంది పాండిత్యం. నునుపైన ప్రతి కన్నా మచ్చలున్న ప్రతిని నమ్మొచ్చని వాళ్లకి తెలుసు. పోపెక్, గోల్డ్‌బర్గ్ సిద్ధాంతంగా రాసింది వీళ్లు ఆచారంగా పాటించారు. చేతకాని చోట కేక వెయ్యి.

ఎక్స్‌పీ కాపురం శాశ్వతమని నేను అనుకోవడం లేదు. దాని డిస్కంతా ఒక ఫైలే కాబట్టి పెన్‌డ్రైవులో పెట్టి ఎవరికైనా ఇవ్వొచ్చు, నిజమే. కానీ ఆ ఫైలు చదవడానికి వర్చువల్‌బాక్స్ కావాలి, వర్చువల్‌బాక్స్‌కి ఈ కాలపు ఉబుంటు కావాలి, దానికి ఈ కాలపు ప్రాసెసరు కావాలి. ఇంకో పాతికేళ్లకి ఈ లాప్‌టాప్‌నే ఇంకో యంత్రంలో నటింపజేయాల్సి రావచ్చు. అప్పుడు ఆ లోపల ఉబుంటు, ఉబుంటు లోపల ఎక్స్‌పీ, ఎక్స్‌పీ లోపల పేజ్‌మేకర్. తాళపత్రానికి ప్రతి రాసేవాడు తరానికొకడు కావాల్సి వచ్చినట్టే దీనికీ తరానికొకడు కావాలి. ఒకసారి దాచేసి చేతులు దులుపుకునే పని లోకంలో ఎక్కడా లేదు. అందుకే కొత్త పాఠంతో పాటు ఎక్స్‌పీ ఫైలు, నేను మార్చిన పట్టిక, ఏ పుటలో ఏం మార్చామో రాసిన చిట్టా అన్నీ ఒకే చోట పెట్టాను. వచ్చేవాడు నన్ను నమ్మనక్కర్లేదు, సరిచూసుకోవచ్చు.

చిట్టచివరికి ఒక్క చదరం మిగిలింది. అచ్చయ్యాక మాస్టారు చేర్పించిన ఒక వాక్యంలో ఒక మాటకి వేరే ఫాంటు వాడారు. ఆ ఫాంటు సీడీలో లేదు, ఆవిడ దగ్గరా లేదు. ఎక్స్‌పీలో కూడా అక్కడ అర్థంలేని గుర్తులే. మొదటి ముద్రణలో ఆ వాక్యమే లేదు. సరే, రచయిత బతికే ఉన్నారు కదా అని ఫోన్ చేశాను. "దానికేముందయ్యా, నేను రాసిందేగా" అని వెంటనే ఒక మాట చెప్పారు. బాగుంది. మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి, అది కాదు ఇదీ అని ఇంకో మాట చెప్పారు. అది ఇంకా బాగుంది. "ఏది వేద్దాం మాస్టారూ?" అన్నాను. కాసేపు ఆగి, "రెండూ ఇప్పటివేనోయ్. అప్పటిది గుర్తులేదు. చుక్కలు పెట్టేయ్" అన్నారు.

పెట్టాను. ప్రూఫులు చూసిన కుర్రాడు వాటిని అచ్చుతప్పనుకుని, చుక్కలు కొట్టేసి, వాక్యం అతికేలా దిద్ది పంపాడు. మళ్లీ పెట్టించాను.